మా అవ్వ గొంతు పోయిన దసరా

నా చిన్నప్పుడు నా మాట నాకే సరిగా వినపడేది కాదు. బడిలో హాజరు పిలిచినప్పుడు నేను పలికేదాన్నే, కానీ సారుకు వినపడక రానట్టు రాసేసేవారు. ముందు బెంచీలోనే కూర్చున్న పిల్ల బడికి రాలేదని రాసుకోవడం ఆయనకే నవ్వొచ్చి, కొన్నాళ్లకు నా పేరు దగ్గరికి రాగానే తలెత్తి చూసేవారు. నేను చెయ్యి ఎత్తేదాన్ని. ఇంట్లోనూ అంతే. ఏదైనా కావాలంటే వంటింట్లోకి వెళ్లి అమ్మ కొంగు లాగి, ఆమె వంగాక చెవిలో చెప్పేదాన్ని. మా నాయనకు అది ముద్దు. మా బిడ్డ ఇంట్లో ఉన్నదీ లేనిదీ తెలియదని ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ గొప్పగా చెప్పేవాడు. వినగా వినగా అదొక మంచి గుణమేనని నేనూ నమ్మాను.

వనపర్తిలో మా ఇంటికీ బడికీ మధ్య ఒక కల్లు దుకాణం ఉండేది. ఆరో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం దాని ముందు నుంచి వస్తుంటే ఎవరో మనిషి తూలుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని వదల్లేదు. నవ్వుతున్నాడు. నాలుగడుగుల దూరంలో ఇద్దరు ఆడవాళ్లు అటు తిరిగి గిన్నెలు తోముతున్నారు. ఒక్క కేక వేస్తే చాలు, ఇటు తిరుగుతారు. నేను నోరు తెరిచాను. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది గానీ లోపలి నుంచి ఏమీ రాలేదు. ఇంతలో ఎడ్లబండి ఒకటి మలుపు తిరిగి వచ్చింది కాబట్టి అతను చెయ్యి వదిలేసి పోయాడు. ఆ బండి రాకపోతే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచించను.

ఇంటికి వచ్చి ఎప్పటిలాగే అమ్మ చెవిలో చెప్పాను. అమ్మ పొయ్యి మీది అన్నం సంగతే మరిచిపోయింది. ఇల్లంతా మాడు వాసన వచ్చాక దించి, నన్ను ఒళ్లోకి లాక్కుని, "ఎందుకు ఒర్లలేదు బిడ్డా?" అని ఒక్కటే మాట అడిగింది. ఎందుకు అరవలేదని తిట్టడానికి కాదు, నిజంగానే తెలియక అడిగింది.

అప్పట్లో మా ఊళ్లో కరాటే కొత్త. కరెంటాఫీసులో పనిచేసే ఒకాయన హైదరాబాదులో నేర్చుకుని వచ్చి, మార్కెట్ వెనక ఖాళీగా పడి ఉన్న పల్లీల గోదాములో సాయంత్రాలు క్లబ్బు నడిపేవాడు. అందరూ మాస్టర్ అనేవాళ్లు. ఆ వారంలోనే అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్లింది. నాయన మొదట పగలబడి నవ్వాడు. "ఆడపిల్లకు కరాటే ఏందే, రేపు అల్లుణ్ని తన్నుమంటవా?" అన్నాడు. అమ్మ నవ్వలేదు. ఆమె నవ్వకపోవడం చూసి ఆయనా తగ్గి, చివరికి ఒక ఒప్పందానికి వచ్చాడు. దసరా సెలవులు కాగానే పరీక్ష ఉంటుందట, అందులో నెగ్గి ఎల్లో బెల్టు తెచ్చుకుంటే సాగనిస్తాడు, లేకపోతే ఇక ఆ గోదాము మొహం చూడకూడదు.

ఆ గోదాము నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నేలంతా పల్లిపొట్టు. ఎంత ఊడ్చినా పగుళ్లలోంచి మళ్లీ వచ్చేది, ఉత్త కాళ్లకు గుచ్చుకునేది. నాయన పాత పంచెతో కుట్టించిన తెల్ల డ్రెస్సులో నేను ఒక్కదాన్నే ఆడపిల్లను. కాళ్లు ఎక్కడ వేయాలో, నడుము ఎప్పుడు తిప్పాలో నాకు చప్పున పట్టుబడింది. చెయ్యి ఎవరైనా పట్టుకుంటే బొటనవేలు వైపుకు తిప్పి విడిపించుకోవడం మాస్టర్ చూపించిన రోజు, ఇంటికొచ్చి అమ్మ చేత పదే పదే చెయ్యి పట్టించుకుని విడిపించుకున్నాను. చెయ్యి వదిలిపోయిన ప్రతిసారీ ఇద్దరికీ కళ్లలో నీళ్లు వచ్చేవి, నవ్వు కూడా వచ్చేది.

కానీ కరాటేలో దెబ్బతో పాటు కేక ఉంటుంది. పొట్టలోంచి రావాలి. మగపిల్లలు అరిస్తే గోదాము రేకులు మోగేవి. నా వంతు వచ్చినప్పుడు పిడికిలి మాత్రం ముందుకు పోయేది, నోట్లోంచి గాలి వచ్చేది. మాస్టర్ కోప్పడలేదు, బతిమాలాడు, ఎదురుగా నిలబడి తానే అరిచి చూపించాడు. ఆయన అరిచినకొద్దీ నా గొంతు ఇంకా లోపలికి పోయింది. చివరికి సెలవులకు ముందు రోజు అమ్మను పిలిచి ఉన్నమాట చెప్పేశాడు. "చేతులు, కాళ్లు నేను నేర్పిస్తనమ్మా. గొంతు నేనెక్కడికెళ్లి తేవాలె? కేక లేకుంటె బెల్టు ఇయ్యలేను. ఇస్తె ఈ పిల్లకే మోసం."

ఆ రాత్రి అమ్మ చాలాసేపు ఏదో ఆలోచించింది. తెల్లవారగానే నన్ను ఖిల్లా ఘణపూర్ బస్సు ఎక్కించి, తానూ ఎక్కింది. అక్కడికి దగ్గరి ఊళ్లో మా అవ్వ ఉండేది. అవ్వ అంటే నాయనమ్మ. అవ్వకు కొంచెం జొన్నచేను ఉంది, నాలుగు మేకలున్నాయి, అన్నిటికంటే మించి గొంతు ఉంది. గుట్ట అవతల మేస్తున్న మేకలను ఇంటి ముందు నిలబడి పిలిచే మనిషి. పక్క చేను పెద్దమ్మకూ ఆమెకూ గట్టు దగ్గర రోజూ ఏదో ఒక మాటపట్టింపు నడిచేది. ఆ జగడం మొదలైతే ఊళ్లో వాళ్లు పొద్దెంతయిందో చెప్పగలిగేవాళ్లు. అమ్మ వంటింట్లో అవ్వతో కాసేపు గుసగుసలాడి, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోయింది.

మర్నాడు లేచేసరికి అవ్వ గొంతు పోయింది.

గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపి, సైగలతో చెప్పింది. మిరియాల కషాయం కాచుకుని మూతి ముడుచుకుంటూ తాగింది. మెడకు గుడ్డ చుట్టుకుంది. నాకు నిజంగా దిగులేసింది. అవ్వ మాట్లాడకపోతే ఆ ఇల్లు ఇల్లులా లేదు. ఆ రోజుల్లో జొన్న పాలు పోసుకుని గింజ గట్టిపడుతోంది. పిట్టలకు అదే పండగ. పొద్దున చిలకలు, పగలంతా పిచ్చుకలు, గువ్వలు. చేను మధ్యలో నాలుగు గుంజల మీద కట్టిన మంచె ఎక్కి ఎవరో ఒకరు పొద్దంతా కేకలు వేస్తూ కావలి కాయాలి. ఆ చేనే అవ్వకు ఏడాది రొట్టె. అవ్వ నన్ను మంచె ఎక్కించి, తాను కింద నీడలో కూర్చుంది. నా వైపు చూసి, చేను వైపు చూసి, తన మెడ గుడ్డ సవరించుకుంది.

నేను మొదట చప్పట్లు కొట్టాను. పిట్టలు లెక్కచేయలేదు. కొట్టడానికి డబ్బా ఏదీ అని సైగ చేస్తే, అది ఇంటి దగ్గర ఉండిపోయిందని అవ్వ సైగ చేసింది. రాళ్లు విసిరే ఒడిసెల అడిగితే, రాయి తిరిగి నా తలకే తగులుతుందని చూపించింది. చేతులు ఊపాను, ఎగిరాను, మంచె గుంజను కాలితో తన్నాను. పిట్టలు ఒక కంకి మీంచి లేచి పక్క కంకి మీద వాలేవి. అంత దూరం నుంచి కూడా గింజ పగిలే చప్పుడు వినపడుతున్నట్టే ఉండేది. సాయంత్రం ఇంటికి పోతూ అవ్వ ఒక ఖాళీ కంకి విరిచి చేతిలో పట్టుకుని నడిచింది. నన్ను ఏమీ అనలేదు, అనడానికి గొంతు లేదాయె. నాకు ఆ రాత్రి రొట్టె మింగుడు పడలేదు.

మర్నాడు పొద్దున్నే చిలకల గుంపు వచ్చింది. ఆకాశంలో ఒక పచ్చటి గుడ్డ విదిలించినట్టు వచ్చి చేను మీద పడింది. అవ్వ లేచి నిలబడింది. రెండు చేతులూ ఎత్తింది, నోరు తెరిచింది, ఏమీ రాలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. కల్లు దుకాణం ముందు నేను ఎలా ఉన్నానో నాకు అప్పుడు కనపడింది. ఆ నోరు చూడలేకపోయాను. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, పాదాల నుంచి వచ్చినట్టుంది, మంచె గుంజలు కదిలినట్టుంది. "హో... య్! హా... య్!" అని ఒక కేక వచ్చింది. అది నాదే అని తెలియడానికి నాకు కొంచెంసేపు పట్టింది. చిలకలన్నీ ఒక్కసారే లేచాయి. గుట్ట ఆ కేకను మళ్లీ పలికింది. అది ఆగేలోపే పక్క చేను మంచె మీంచి, అవ్వతో రోజూ జగడమాడే పెద్దమ్మ, "హో... య్!" అని జవాబిచ్చింది. కావలి వాళ్లు అలా ఒకరికొకరు పలుకుకోవడం అక్కడి అలవాటట. నాకు ఆ సంగతి తెలియదు. నా గొంతుకు ఒకరు జవాబు చెప్పడం నా బతుకులో అదే మొదటిసారి. ఇంకో కేక వేశాను, కేవలం ఆ జవాబు కోసం.

ఆ తర్వాత సెలవులంతా నన్ను ఆపేవాళ్లు లేరు. డ్రెస్సు వేసుకుని మంచె మీదే నిలబడి పిట్టల మీదికి పంచ్‌లు విసురుతూ అరిచేదాన్ని. అవ్వ మాత్రం అలాగే సైగలు చేస్తూ ఉండిపోయింది. ఒక రోజు పెద్దమ్మ గట్టు దాకా వచ్చి, మీ మేక నా కందిచెట్లు కొరికిందని ఇష్టమొచ్చినట్టు మాట్లాడి పోయింది. అవ్వ ముఖం కందగడ్డయింది. పెదవి కొరుక్కుంది, ముంత ఎత్తి నీళ్లు గటగటా తాగింది, ఒక్క మాట అనలేదు. పాపం, గొంతు లేక ఓడిపోయిందని నేను జాలిపడ్డాను.

సెలవులు అయిపోయాక అవ్వ నన్ను బస్సెక్కించింది. బస్సు కదిలి కొంత దూరం పోయింది. వెనక నుంచి ఒక కేక వచ్చింది. "ఓ డ్రైవరూ! ఆగుండ్రి! పోరి బట్టలు మరిచింది!" డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. ఈ అవ్వ ఉంటే మాకు హారనెందుకని కండక్టరు అన్నాడు, బస్సంతా నవ్వింది. నేను కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, నా కరాటే డ్రెస్సు మూట చంకలో పెట్టుకుని, అవ్వ పరుగెత్తుకొస్తోంది. మెడకు గుడ్డ లేదు.

"అవ్వా, నీ గొంతు పోయింది కదా?" అని అడిగాను. బస్సులో ఉన్నవాళ్లందరికీ వినపడేటట్టే అడిగాను.

అవ్వ మూట కిటికీలోంచి అందించి, రొప్పుతూ నవ్వింది. "యాడికి పోతది బిడ్డా? నేను ఒర్లుతుంటె నువ్వెందుకు ఒర్లుతవు? అందుకే జర జరిగి కూసున్న. నీకు జాగ కావాలె గద."

బస్సు మళ్లీ కదిలింది. అవ్వ వెనక్కి తిరిగి చేను దారి పట్టింది. మలుపు దాటేలోపు, పెద్దమ్మను పేరుపెట్టి పిలిచి కందిచెట్ల సంగతి మొదలుపెట్టడం నాకు స్పష్టంగా వినిపించింది. అన్ని రోజులు దాచుకున్న జగడం మరి.

పరీక్ష రోజు నా కేక కరాటే కేకలా లేదు. అచ్చం పిట్టల్ని తోలే కేకే. మగపిల్లలు పడిపడి నవ్వారు. మాస్టర్ నవ్వలేదు. మా అమ్మ వైపు చూసి తల ఊపి, నా నడుముకు ఎల్లో బెల్టు తానే కట్టాడు. నాయన ఆ బెల్టును ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించేవాడు. ఆ తర్వాత కల్లు దుకాణం ముందు ఆ మనిషే ఇంకోసారి అడ్డం వచ్చాడు. చెయ్యి విడిపించుకునే అవసరం నాకు పడలేదు. నా కేకకు గిన్నెలు తోమే ఆడవాళ్లే కాదు, వీధి వీధంతా బయటికి వచ్చింది. అతను మళ్లీ ఆ దారిలో నాకు కనపడలేదు.

తర్వాత ఎంత నేర్చుకున్నా, నేను ఎవరినీ కొట్టాల్సిన పని రాలేదు. గొంతు మాత్రం రోజూ పనికొచ్చింది. కాన్పు నొప్పులప్పుడు దవాఖానలో పలకని నర్సును పిలవడానికి, ఆఫీసులో నా మాట మధ్యలో తుంచేసేవాళ్లను ఆపడానికి, మా నాయన ఆఖరి రోజుల్లో వినికిడి తగ్గి చెవి దగ్గర అరవమన్నప్పుడు కూడా. అయితే వయసు పెరిగేకొద్దీ నాకు ఆ కేక కంటే అవ్వ మౌనమే పెద్దదిగా కనపడుతోంది. అరవడం ఆమెకు ఊపిరి తీసుకున్నంత మామూలు. ఆ సెలవులంతా నా కోసం ఆ ఊపిరి బిగబట్టింది. నాకు ఏదో ఒకటి ఇచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. నా కోసం జరిగి చోటిచ్చిన మనిషి ఆమె ఒక్కతే. అంత రుణం ఎలా తీరుతుందో తెలియక చాలా ఏళ్లు ఊరికే తలుచుకుంటూ గడిపాను.

మొన్న మా మనవరాలిని వనపర్తిలోనే కరాటే క్లాసులో చేర్పించడానికి తీసుకెళ్లాను. ఇప్పుడు కింద నీలం రంగు మ్యాట్లు పరుస్తున్నారు, మగపిల్లల కంటే ఆడపిల్లలే ఎక్కువ ఉన్నారు. అక్కడి మాస్టర్ వంగి, నీ పేరేమిటమ్మా అని అడిగాడు. అది తలెత్తి నా ముఖంలోకి చూసింది. ఎవరు ఏమడిగినా దాని జవాబు నేనే చెప్పడం మా ఇద్దరికీ అలవాటు. నోటి దాకా వచ్చిన పేరును మింగేశాను. గొంతు మీద చెయ్యి పెట్టుకుని, లేదని చెయ్యి అడ్డంగా ఊపాను.

"నొప్పా అమ్మమ్మా?" అని చెవిలో అడిగింది. తల ఊపాను. అది కాసేపు నా కొంగు పట్టుకుని నిలబడింది. తర్వాత కొంగు వదిలేసి మాస్టర్ వైపు తిరిగి పేరు చెప్పింది. ఆయనకు వినపడలేదు. మళ్లీ చెప్పింది, ఈసారి వినపడేటట్టు.

మా అవ్వ నుంచి నాకు వచ్చిన ఆస్తి ఆ గొంతునొప్పి ఒక్కటే. ఆ సాయంత్రం ఇంటికి చేరేదాకా అది నాకు తగ్గలేదు. దారి పొడుగునా మనవరాలే మాట్లాడింది.