సత్తు గిన్నెలో చారు

మా అత్తగారి చారు గిన్నె సత్తుది. ఇప్పుడు అందరూ సత్తు అనే అల్యూమినియం కాదు, అసలు తగరం. కాపురానికొస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్నారట. పెదకాకానిలో మా వీధంతటికీ ఆ చారు రుచి తెలుసు. నేను కోడలిగా వంటింట్లో అడుగుపెట్టిన రోజే హెచ్చరించారు.

"అమ్మాయ్, ముందు నీళ్ళు, తరవాతే మంట. ఖాళీ గిన్నె పెట్టావో, కరిగిపోతుంది."

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. ఊరుకుంటానా! నీళ్ళు మరుగుతున్నంతసేపూ ఎంత మంట పెట్టినా ఆ వేడి వాటిని ఆవిరి చేయడానికే పోతుందనీ, గిన్నె వేడి ఆ నీళ్ళ వేడిని పెద్దగా దాటదనీ, నీళ్ళు లేకపోతే వేడంతా గిన్నెకే ఎక్కి తగరం కరుగుతుందనీ పాఠం అప్పజెప్పాను.

"ఇద్దరం చెప్పింది ఒకటేగా. నీది కాస్త పొడుగు" అని నవ్వారు.

ఆ తరవాత క్లాసులో ఆ గిన్నెనే ఉదాహరణగా చెప్పేదాన్ని.

ఎనభైల్లో మా ఇంటికి గ్యాసు పొయ్యి వచ్చింది. ఒక ఆదివారం డాబా మీద ఎండుతున్న మిరపకాయలు తిరగేసి, తుమ్ముకుంటూ కిందికి దిగాను. వంటింటి గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. పొయ్యి మీద గిన్నెకు అడుగు లేదు. కరిగిన తగరం తళతళలాడుతూ బర్నరు మీదుగా గట్టు మీదికి కారుతోంది. అత్తగారు గరిటె పట్టుకుని పక్కనే నిలబడి దాన్నే చూస్తున్నారు.

పరుగున వెళ్ళి పొయ్యి కట్టేశాను.

"అత్తయ్యగారూ! నీళ్ళు పొయ్యలేదేంటండీ?"

"పోశానుగా. అదిగో, చారు కాగుతోంది. అప్పుడే కట్టేశావేం?" అంటూ గరిటె అందులో పెట్టబోయారు.

చెయ్యి పట్టుకుని ఆపాను. భయమేసింది. గిన్నె పోయినందుకు కాదు. కళ్ళెదుట అది కరిగి కారుతుంటే ఈవిడకి చారు కనిపించింది! పెట్టిన పోపే మళ్ళీ పెట్టడం, నన్ను ఆడపడుచు పేరుతో పిలవడం, వయసులే అని మేం సరిపెట్టుకున్నవన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

గట్టు మీద తగరం చూస్తుండగానే గడ్డకట్టింది. అట్లకాడతో ఊడదీశాను. మళ్ళీ పోత పోయిస్తే గిన్నె అవుతుందిలే అన్నారు మావారు. ఇద్దరం గిన్నె గురించే మాట్లాడుకున్నాం. ఆవిడ సంగతి ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

మధ్యాహ్నం నేనే స్టీలు గిన్నెలో చారు పెట్టి వడ్డించాను. అత్తగారు ఒక ముద్ద తిని ముఖం చిట్లించారు.

"సత్తు గిన్నెలో పెట్టలేదా అమ్మాయ్? రేపు అందులో పెట్టు. ఖాళీగా మాత్రం పొయ్యెక్కించకు, కరిగిపోతుంది."

"అలాగేనండీ" అన్నాను.