మేనేజరుగారు మాట మధ్యలో ఆగినప్పుడు

నౌపడలో మా ఉప్పు కంపెనీ ఆఫీసంటే ఒక పెంకుటిల్లు, నాలుగు బల్లలు, ఒక ఫ్యాను. ఫ్యాను మేనేజరుగారికి, ఉక్క మాకు. అరవైల చివర్లో నేనక్కడ టెంపరరీ గుమస్తాగా చేరాను. చేరిన రోజునే మేనేజరుగారు "పుల్ అప్ యువర్ సాక్స్" అన్నారు. ఆ ఆఫీసులో మేజోళ్లున్నది ఆయనొక్కరికే. మిగతా అందరం లేని మేజోళ్లను పైకి లాక్కుంటూ ఉద్యోగం చేశాం.

ఆయనకి ఇంగ్లీషు నుడికారమంటే ప్రాణం. రైలు వేగన్లు రాకపోతే 'రెడ్ టేప్'. కూలీలు కూలి పెంచమంటే 'ది బాల్ ఈజ్ నాట్ ఇన్ మై కోర్ట్'. వాళ్లు ఆ బంతి ఎక్కడుందో అని కాసేపు నిలబడి, మళ్లీ మడుల్లోకి దిగిపోయేవారు. గులకరాయి కూడా కనపడని ఉప్పు మడుల మధ్య నిలబడి 'లీవ్ నో స్టోన్ అన్‌టర్న్‌డ్' అని హుకుం జారీ చేసేవారు.

అనడం కూడా ఒక పద్ధతిలో అనేవారు. "వి మస్ట్ కాల్ ఎ స్పేడ్..." అని ఆగి, కళ్లజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, అప్పుడు "ఎ స్పేడ్" అనేవారు. ఆగినంతసేపూ మేం నేల చూడాలి. హెడ్ గుమస్తా నాకు మొదటి వారమే చెప్పాడు.

"ఒరే గుంటడా, దొర ఆగినాడంటే మర్సిపోనాడని కాదు. మనం ఎదురుసూడాలని. నీకొచ్చినా రానట్టే ఉండు."

"నాకు నిజంగానే రాదండీ."

"అయితే బాగుపడతావు."

నాతోపాటు ఇంకొక టెంపరరీ ఉండేవాడు. నాకంటే నాలుగేళ్లు ముందు చేరాడు. నన్ను బావా అనేవాడు, నేనూ బావా అనేవాణ్ణి. బాప్టిస్టు మిషన్ బళ్లో చదివాడు. అక్కడ పంతులమ్మ వాక్యం సగం చెప్పి ఆగేదట. మిగతా సగం పిల్లలు గొంతెత్తి అందుకోవాలి. అందుకోనివాడికి బెత్తం. ఆ చదువు ఆయన ఒంట్లో ఉండిపోయింది. మేనేజరుగారు ఆగినప్పుడల్లా మిగతా సగం బావ నోటిదాకా వచ్చేది. మింగేసేవాడు.

అలాంటి రోజుల్లో ఒక పర్మనెంటు పోస్టు ఖాళీ అయింది. దాంతో రెండు గదుల క్వార్టరు. బావ పెళ్లాం, కూతురు భావనపాడులో ఆవిడ పుట్టింట్లో, వంటింటి మూల పడుకుంటున్నారు. శనివారం సాయంత్రం వెళ్లి, ఆదివారం రాత్రికి ఎండుచేపల మూటతో, ఏడుపు మొహంతో తిరిగొచ్చేవాడు. చేపలు మాకు పంచేవాడు. మొహం ఆయనే ఉంచుకునేవాడు.

"ఈసారి నాకు కాక ఇంకెవులికిస్తారు బావా?" అన్నాడు.

"నేనూ ఉన్నాను కదా."

ఆయన పగలబడి నవ్వాడు. మా ఇద్దరిలో హాస్యగాణ్ణి నేనని అందరికీ తెలుసు.

ఓనరుగారు మద్రాసు నుంచి వచ్చే ముందురోజు కాలం కాని వాన కురిసి, తాటాకు కప్పని ఉప్పు కుప్ప సగం కరిగిపోయింది. ఎందుకు కప్పలేదని ఓనరుగారు ఆ కుప్ప ముందే నిలదీశారు. మేనేజరుగారు చేతులు చాచి, "సార్, వేగన్లు రాలేదు, వాన వచ్చింది. వి వర్ బిట్వీన్ ది డెవిల్ అండ్..." అని ఆగారు. అటు దెయ్యం, ఇటు సముద్రం, నడుమ మేం అని చెప్పడం ఆయన ఉద్దేశం.

మేం నేల చూశాం. ఆయన కళ్లజోడు తుడిచారు. మళ్లీ తుడిచారు. చొక్కా అంచుతో ఇంకోసారి తుడుస్తుంటే అర్థమైంది, ఈసారి నిజంగానే మరిచిపోయారని. గాలి వాటున సముద్రం హోరు వినిపిస్తూనే ఉంది. ఆయనకొక్కరికే వినపడలేదు.

"ది డీప్ సీ, సార్!"

బావ అందుకున్నాడు. బళ్లో లాగే, చేతులు కట్టుకుని, గట్టిగా.

ఓనరుగారు పడీ పడీ నవ్వారు. "ఎవరితను? మంచి ఇంగ్లీషే!" అని భుజం తట్టారు. కుప్ప సంగతి అక్కడితో మరుగున పడింది. మేనేజరుగారూ నవ్వారు, పళ్లవరకే.

ఆ సాయంత్రమే బావ భావనపాడు కబురు పంపాడు. "సామాను కట్టుకోమన్నాను బావా. ఓనరే భుజం తట్టినాడు. ఇంకేటి కావాల?"

"ఆర్డరు," అన్నాను.

"నీ నోరు మంచిది కాదెహె."

ఓనరుగారు మద్రాసు చేరేలోపే ఆ నవ్వు మరిచిపోయి ఉంటారు. నవ్వించినవాణ్ణి గుర్తుపెట్టుకోవడం మేనేజరుగారి వంతు. వారం తిరక్కుండా మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. బావతో, "యు ఆర్ టూ బిగ్ ఎ ఫిష్ ఫర్ అవర్ స్మాల్ పాండ్," అన్నారు. ఎక్కడా ఆగలేదు. అర్థం కాదేమోనని తెలుగులో కూడా చెప్పారు: నువ్వు పెద్ద చేపవి, మా చెరువు చిన్నది, నీ ఇంగ్లీషుకి మద్రాసే తగును, రేపట్నుంచి రానక్కర్లేదు. తర్వాత నాకేసి తిరిగి, పర్మనెంటు నీకే అన్నారు.

మేం బయటికి వచ్చేసరికి పక్క సందులో క్వార్టరు ముందు ఎద్దుబండి ఆగి ఉంది. చాపచుట్టలు, ట్రంకుపెట్టె, వాటి మీద పిల్ల. బావ పెళ్లాం అప్పటికే దిగిపోయింది.

"అన్నియ్యా, ఈ బిందె కాస్త అందుకో," అంది.

అందుకున్నాను.

ఆమె కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది. "పొయ్యి ఇటేపు ఎడితే పొగ బయటికి పోతాది. గోడకి సున్నం ఏసుకోవాల."

"సామాను దించకు," అన్నాడు బావ. "ఇది మనది కాదు."

"మరెవులది?"

ఆయన నాకేసి వేలు చూపించాడు. నేను బిందె పట్టుకుని నిలబడి ఉన్నాను.

"మరి నీ ఉజ్జోగం?"

"తీసీసినారు."

"ఏటి సేసినావు?"

"దొర మాట మర్సిపోనాడు. నాను సెప్పినాను."

"తప్పు సెప్పినావా?"

"నేదు. సరిగ్గానే సెప్పినాను."

"బిందె ఇలాగియ్యి," అంది నాతో. ఈసారి అన్నియ్యా అనలేదు. బండెక్కి పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"తిప్పు మావా," అంది బండివాడితో.

సందు ఇరుకు, ఎద్దులు తిరగడానికి చోటు చాల్లేదు. బండివాడు నన్ను పక్కకి తప్పుకోమని, బండిని నా వాకిట్లోకి ఎక్కించి తిప్పుకున్నాడు.