ఇద్దరికీ మధ్యన వేసిన బోరు

పొద్దున మా వీధిలో బోరు బండి ఆగింది. కిటికీలు మూసినా రాతిపొడి వాసన వంటింటి దాకా వచ్చేసింది. ఇంట్లో అందరూ విసుక్కుంటుంటే నాకు మాత్రం రామసుబ్బమ్మ టీచరమ్మ గుర్తొచ్చింది. నిజానికి ఆమె బోర్ల మనిషి కాదు, పుస్తకాల మనిషి.

కడప దగ్గర మా పల్లెలో ఆమెది మా పక్కిల్లు. బడిలో సైన్సు చెప్పి రిటైరైంది. పుస్తకం తీస్తే చేతిలో పెన్సిలు ఉండాల్సిందే. అందరిలాగే నచ్చిన వాక్యాల కింద గీతలు గీస్తుందనుకునేవాణ్ణి. ఒకసారి మనుషుల మనసు గురించిన పుస్తకం నాకిస్తూ, అవి మెచ్చుకుని పెట్టిన గీతలు కావంది. "చదవంగానే అవునవునని తలకాయ ఊపినా సూడు, ఆడ పెట్టినా. ఆడ నేను ఆలోచన మానుకున్న్యానని." ఇదేం చాదస్తం అనుకున్నాను. తీరా చదివితే నేనూ సరిగ్గా ఆ గీతల దగ్గరే తల ఊపాను. ఒళ్లు మండింది గానీ, పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివాను.

మా చీనీతోట, అదే బత్తాయి తోట, ఎండుముఖం పట్టిన ఏడాది పాత బోరు ఆగిపోయింది. నాయన, అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీళ్ల జాడ చెప్పే ఓబుళప్ప తాతను పిలిచాడు. మా బావ, మిషను పెట్టి భూమిలో నీళ్లు చూసే ఇంజనీరును తెచ్చాడు. తాత తూర్పు గట్టన్నాడు, ఇంజనీరు పడమటి గట్టన్నాడు. ఎవరి మాటా కాదనలేక నాయన ఏం చేశాడనుకున్నారు? ఇద్దరికీ సరిగ్గా మధ్యన బోరు వేయించాడు! దుమ్ము తప్ప చుక్క రాలేదు. ఊరంతా నవ్వింది. టీచరమ్మ నవ్వలేదు. నాయన పక్కన కూర్చుని, ఆ చోటు చూపించేటప్పుడు మనసులో ఏమనుకున్నావప్పా అని, నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. నాయన ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నీళ్లు గాదు టీచరమ్మా. ఇద్దుర్లో ఎవురూ నొచ్చుకోగూడదనుకున్న్యా."

ఇక మాకు ఒక్క బోరుకే శక్తి ఉంది. అదీ పోతే తోట పోయినట్టే. ఇన్ని పుస్తకాలు చదివినారు, చోటు మీరే చెప్పండని నాయన పట్టుబట్టాడు. తనకు తెలియదని ఆమె తెగేసి చెప్పింది. ఇద్దరినీ పిలిపించి మాత్రం ఒక్క మాట అడిగింది: "ఇంతకుముందు యాడ తప్పినారో చెప్పండి." తాత మీసం సర్దుకుని, తన టెంకాయ ఎన్నడూ తప్పలేదన్నాడు. ఇంజనీరు తప్పిన ఊర్ల పేర్లు వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయాడు. కొన్ని ఎందుకు తప్పాయో తనకే తెలియదన్నాడు. నాయన అతని చోటులోనే వేయించాడు.

అక్కడా నీళ్లు పడలేదు.

చెట్లు కొట్టే రోజు టీచరమ్మ వచ్చి గట్టు మీద కూర్చుంది. తాను అడగబట్టే ఇలా అయిందంది. నాకూ ఆమె మీద కోపంగానే ఉంది. నాయన గొడ్డలి కింద పెట్టాడు.

"మీరడిగింది మంచి మాటే. తప్పొప్పుకునేవాన్ని నమ్మినా. మళ్లా బోరు ఏపియ్యాల్సొచ్చినా వాన్నే నమ్ముతా."

టీచరమ్మ ఇప్పుడు లేదు. ఈ రోజుల్లో ఏదడిగినా ఫోనులోని ఏఐ తడుముకోకుండా జవాబు చెబుతుంది. నువ్వు ఎక్కడ తప్పావని దాన్నీ అడుగుతుంటాను. ఒక్కోసారి చెబుతుంది, ఒక్కోసారి నీళ్లు నములుతుంది. అలా అడగడం టీచరమ్మ నేర్పింది. అడిగి, నమ్మి, తోట పోగొట్టుకున్నాక కూడా నమ్మినవాణ్ణి తిట్టకుండా ఉండటం నాయన దగ్గర చూశాను. అది నాకింకా పట్టుబడలేదు.