నైనై చెప్పిన కథలు, నేను పెట్టిన మెసేజ్

పోయిన శనివారం మా అమ్మాయి డైనింగ్ టేబుల్ నిండా ఎర్ర కాగితాలు పరుచుకు కూర్చుంది. హైస్కూల్‌కి వచ్చింది కదా, వాలంటీర్ అవర్స్, అంటే ఊరికే సేవ చేసిన గంటలు, చూపించాలి. చాండ్లర్‌లో మా ఇంటి దగ్గరి లైబ్రరీలో చిన్నపిల్లలకి చైనీస్ లాంతర్లు చేయడం నేర్పుతుందట. ఉన్నట్టుండి కత్తెర ఆపి, "అమ్మా, నాకు ఇవి నేర్పిన నైనై ఎందుకు వెళ్ళిపోయింది?" అంది. కూర మాడుతోందని వంటింట్లోకి వెళ్ళాను. స్టవ్ మీద కూరేమీ లేదు.

నైనై అంటే చైనీస్‌లో నాయనమ్మ. ఆవిడ మా వీధి చివర కొడుకు దగ్గర ఉండేవారు. శనివారం పొద్దున లైబ్రరీలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని కథలు చెప్పేవారు. పిల్లల్లో సగం మన తెలుగువాళ్ళే. ఆవిడకి ఇంగ్లీషు పాతిక మాటలకి మించి రాదు. అయినా కథ ఎక్కడా ఆగేది కాదు. కొత్త సంవత్సరం ముందు ఊరి మీద పడే నియన్ అనే మృగం కథలో ఆవిడే మృగమై బల్ల కింద దూరేవారు. మోకాళ్ళు పట్టేసి బయటికి రాలేకపోతే, పిల్లలే చేతులు పట్టి లాగేవాళ్ళు. ఆ మృగానికి ఎరుపంటే భయం. అందుకని కథ అవగానే ఎర్ర కాగితాలూ కత్తెరలూ బయటికొచ్చేవి. మధ్యకి మడిచి, అంచు తెగకుండా గాట్లు పెట్టి, విప్పి చుడితే లాంతరు. ఓసారి మా అమ్మాయి అంచుదాకా కోసేసి ఏడిస్తే, ఆ ముక్కనే చేపలా కత్తిరించి చేతిలో పెట్టారు.

వైరస్ వార్తలు మొదలైన చలికాలం అది. లైబ్రరీకొచ్చే పిల్లల తల్లుల వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో, శనివారం పిల్లల్ని పంపుతున్నారా అని అడిగారు. "మేం పంపట్లేదు. వాళ్ళింటికి చైనా నుంచి ఎవరెవరు వస్తుంటారో ఏమో" అని మెసేజ్ కొట్టి, మళ్ళీ ఆఫీస్ పనిలో పడ్డాను. రెండేళ్ళుగా వాళ్ళింటికి ఎవరూ రాలేదని నాకు తెలుసు. వీసా దొరక్క చెల్లెలు రాలేకపోయిందని ఆవిడ మా గుమ్మంలో కూర్చునే వచ్చీరాని మాటల్లో చెప్పుకున్నారు.

ఆ శనివారం పుస్తకాలు రిటర్న్ చేయడానికి లైబ్రరీకి వెళ్తే, బల్ల దగ్గర ఆవిడొక్కరే ఉన్నారు. ప్రతి ఖాళీ కుర్చీ ముందూ ఒక కాగితం. నన్ను చూసి గబగబా లేచి, "బేబీ ఫీవర్?" అన్నారు.

"అవును, కొంచెం" అన్నాను.

సంచీలోంచి రెండు నారింజలు తీసి నా చేతిలో పెట్టారు. "బేబీ ఈట్. నెక్స్ట్ వీక్ కమ్."

మర్నాడు సాయంత్రం ఆవిడ కొడుకు మా తలుపు తట్టాడు. "మీ మెసేజ్ మా ఆఫీస్‌లో ఒకరు చూపించారు. అమ్మకి చెప్పలేదు. పిల్లలందరికీ జ్వరాలనుకుంటోంది. దయచేసి అలాగే అనుకోనివ్వండి" అన్నాడు నెమ్మదిగా. తిట్టినా బాగుండేది.

రేపు వెళ్ళి అతనికి సారీ చెబుదాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటుండగానే లాక్‌డౌన్ వచ్చింది. ఎండాకాలంలో అతనికి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చింది. సామాన్ల ట్రక్కు కదులుతుంటే నేను కర్టెన్ వెనక నిలబడి చూశాను. తలుపు తీయలేదు.

వంటింట్లోంచి తిరిగొచ్చి ఇదంతా మా అమ్మాయికి చెప్పేశాను. అది చేతిలో కత్తెర బల్ల మీద పెట్టేసింది.

"ఎవరూ రాలేదని నీకు తెలుసా? తెలిసే టైప్ చేశావా?"

"తెలుసు."

"సారీ కూడా చెప్పలేదా?"

తల అడ్డంగా ఊపాను. అది నావైపు కొత్తవాళ్ళని చూసినట్టు చూసింది.

ఏళ్ళు గడిస్తే ఆ మాట మాసిపోతుందనుకున్నాను. కానీ ఆ ఏళ్ళన్నీ నా కూతుర్ని, ఆ మాటని అర్థం చేసుకునేంత పెద్దదాన్ని చేయడానికే గడిచాయి.