ఒంటిచేత్తో ఆడే జపాను గేము

ఓడల యార్డులో వెల్డింగు పనికి పరాయి దేశం వెళ్లిన మా ఉద్దానం వాళ్లందరూ తిరిగొచ్చేటప్పుడు బంగారమో, టీవీయో తెచ్చుకున్నారు. మా బావ గేము పెట్టె తెచ్చాడు. దాన్ని చూసి మా అక్క మూడు రోజులు మాట్లాడలేదు. మా అక్క మూడు రోజులు మాట్లాడకపోతే అక్కుపల్లి సముద్రం కూడా అలలు తగ్గించి ఏమైందోనని చెవి పెట్టి వింటుంది. నేను మాత్రం కబురందిన సాయంత్రమే పలాసలో బస్సెక్కి వాళ్లింట్లో దిగాను. అప్పటినుంచీ నాకూ బావకూ ఒకటే తగువు: పడమటి దేశాల వాళ్ల గేము గొప్పదా, జపాను వాళ్ల గేము గొప్పదా అని. బావది పడమర, నాది జపాను.

రోల్ ప్లేయింగ్ గేమంటే ఒక వేషంలో దూరి, కత్తి పట్టుకుని, ఊళ్లు తిరిగి, దెయ్యాలను కొట్టి కొట్టి బలం పెంచుకోవడం. పడమటి వాళ్ల గేములో ముందు మన ముక్కు మనమే చెక్కుకోవాలి. మా బావ ముక్కు చెక్కుకునే లోపల టెక్కలి నుంచి రావివలసకు నడిచి వెళ్లి, ఎండల మల్లన్నకు మొక్కి, భోజనం చేసి తిరిగి రావచ్చు. ఆ తర్వాత ఎటైనా పో, ఎవరినైనా కొట్టు, రాజుగారి వంటింట్లో గరిటెలు దొంగిలించు, అడిగే నాథుడు లేడు. జపాను వాళ్లు అలా కాదు. ముక్కు వాళ్లే పెట్టి పంపిస్తారు. కథ వాళ్లదే, పక్కన నడిచే నలుగురూ వాళ్లిచ్చినవాళ్లే. కొట్లాట కూడా వంతులవారీగానే. నువ్వొక దెబ్బ, దెయ్యం ఒక దెబ్బ. నీ వంతు వచ్చాక నువ్వు బజారుకెళ్లి టీ తాగొచ్చినా దెయ్యం పాపం అలాగే నిలబడి ఉంటుంది.

“పెళ్లిసూపులకి ఎల్లినట్టున్నాది రా బామ్మర్దీ. దెబ్బలాటంటే దెబ్బలాటలాగుండాల గానీ, ఎవుల వంతు ఆళ్లదేటి!” అనేవాడు బావ.

తర్వాత బావ కిడ్నీలు పోయాయి. ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మా వైపు ఈ మాట చెప్పాక ఎందుకూ ఏమిటీ అని ఎవరూ అడగరు. పలాసలో డయాలసిస్, వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. వెయ్యి కొబ్బరిచెట్ల ఆసామి, సరే, నలభై రెండు చెట్ల ఆసామి, గుక్కెడు కొబ్బరినీళ్లు తాగకూడదు. నేను పక్కన స్టూలు మీద కూర్చునేవాణ్ణి. రెండో నెలకే ఆయన “నాను ఇంక రాను” అనడం మొదలుపెట్టాడు. మానేస్తే ఎన్నాళ్లు ఉంటాడో డాక్టరు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పారు. ఆ లెక్కకు డాక్టరుకు రెండో చేతితో పనిపడలేదు.

కాలక్షేపానికని చేతిలో పట్టుకుని ఆడే చిన్న గేము మిషను కొని తెచ్చాను. బావ అందులో తనకిష్టమైన పడమటి గేమే పెట్టించుకున్నాడు. పావుగంటలో అడవిలోంచి పులి దూకింది. బావ రెండు చేతులూ ఎత్తాడు. ఒక చేతికి రెండు సూదులు గుచ్చి ఉన్నాయి. డయాలసిస్ మిషను కాశీబుగ్గ బస్టాండు దాకా వినిపించేలా కూత పెట్టింది. నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది.

“ఏటి బాబూ, సూదులున్న సెయ్యి అలాగ ఊపేత్తన్నావు?”

“పులి మీద పడతంటే సూత్తా కూకోమంటావేటమ్మా!”

అప్పుడు తట్టింది నాకు. పడమటి గేముకు రెండు చేతులు కావాలి. జపాను గేముకు ఒక బొటనవేలు చాలు. జపాను గేము పెట్టి, గేము మిషన్ను దిండుకు ఆనించాం. బావ మొదట మూతి ముడిచాడు, రెండో రోజు నవ్వాడు, మూడో వారానికి నాకంటే ముందే ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అయిదు నెలలు ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ గేములో ఆయన వెంట నడిచే నలుగురిలో ఒక ముసలి పడవవాడున్నాడు. తెడ్డుతో తాకితే ఎవరి గాయమైనా మానిపోతుంది. “అచ్చం మన అక్కుపల్లోడే!” అని మురిసిపోయేవాడు.

ఒక బుధవారం కథలో ఆ పడవవాడు చనిపోయాడు. కొట్లాటలో కాదు. కథే చంపేసింది. బావ బొటనవేలితో సంచి తెరిచి, మందు సీసాల మీద నొక్కి నొక్కి చూశాడు.

“సంచిలో బతికించే మందు ముప్పై సీసాలున్నాయి. ఒక్కటీ తియ్యనివ్వనేదు రా.”

శుక్రవారం రాలేదు. సోమవారం రాలేదు. అక్క ఫోను చేసింది. “తమ్ముడూ, కాళ్లు ఉబ్బిపోనాయి. ఎవుల మాటా ఇనడం నేదు.” బండి మీద పోయాను. బావ టీవీ ముందు కూర్చుని, రెండు చేతులతో, పాత పడమటి గేములో గుర్రం తోలుతున్నాడు. ఊపిరి ఈల వేస్తోంది.

“బావా, లెగు. రెండుసార్లు తప్పినావు.”

“ఇక్కడ నాకెటు కావాలంటే అటు ఎల్తన్నాను. నీ జపానోడు ముందే రాసీసినాడు. నాను ఎంత బాగా ఆడినా ఆ ముసలోడు సచ్చిపోవాల. మరి నాను ఆడ్డమెందుకు? ఆ మంచం మీద తొంగోడమెందుకు?”

ఆవగింజను అనకాపల్లి బెల్లం దిమ్మంత చేసి చెప్పే నోరు నాది. ఆ నోటికి ఆ రోజు ఒక్క గొప్పా దొరకలేదు. ఉత్త అబద్ధం దొరికింది.

“ముసలోడు సచ్చిపోనేదు బావా. మళ్లీ వత్తాడు.”

“వత్తాడా?”

“ఆఖర్న తెత్తారు. నాను ఆడినాను కదేటి.”

“మీ అక్క మీద ఒట్టెయ్యి.”

మా అక్క వచ్చి, నా చెయ్యి అందేలా తల వంచింది. ఒట్టేశాను. బావ మెల్లగా లేచి చొక్కా అడిగాడు.

ఆయనకు సూదులు గుచ్చుతుండగా నేను వరండాలోకి పోయి ఫోనులో ఆ గేము ముగింపు చూశాను. పడవవాడు రాడు. చివరి కోటలో పెద్ద రాక్షసుడు పడగానే గేము తయారుచేసినవాళ్ల పేర్లు వచ్చి అయిపోతుంది.

అయితే జపాను గేముల్లో ఇంకో గుణం ఉంది. నువ్వు కోట లోపలికి వెళ్లేదాకా కథ కదలదు. ఎన్నాళ్లయినా బయట పొలంలో తిరుగుతూ, చిన్న చిన్న పురుగుల్ని కొట్టుకుంటూ లెవెలు, అంటే మన బలం అంకె, పెంచుకోవచ్చు. బావ కోట దగ్గరికొచ్చినప్పుడు లెవెలు నలభై. ఆ రాక్షసుడికి నలభై ఎక్కువే.

“సాల్దు బావా, ఇంకా పెంచాల” అన్నాను.

ఏడు నెలలుగా పెంచుతున్నాడు. ఆ పొలంలో పురుగు అనే జాతి అంతరించిపోయి ఉండాలి న్యాయానికి. మొన్న అడిగాడు.

“ఇంకెంత వరకు, బామ్మర్దీ?”

“నూరు.”

బావ నా మొహంలోకి చూశాడు. “నూరే?” అన్నాడు. బొటనవేలు నొక్కాడు.

ఆ గేములో లెవెళ్లు తొంభై తొమ్మిదితో ఆగిపోతాయి. నిన్నటికి తొంభై ఏడు. నేను వరండాలో నిలబడి, ఒంటిచేత్తో ఆడగలిగే, మధ్యలో ఎవరూ చావని జపాను గేము కోసం ఫోనులో వెతుకుతున్నాను. ఇప్పటికి పదకొండు చూశాను. పదకొండింటిలోనూ ఎవరో ఒకరు పోతున్నారు.