నలభై మూడో నంబరు డబ్బా

ఆవిణ్ణి ఆ వీధిలో అందరూ డబ్బాల అక్క అంటారు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. మంగళవారం పొద్దున్నే ఐసుపెట్టె భుజాన తగిలించుకుని మెట్లెక్కుతుంటే, పై అంతస్తులో ఎవరో ఒకరు "వచ్చిందమ్మా, పిల్లల దొడ్డికి గిరాకీ వచ్చింది!" అని కిసుక్కున నవ్వుతారు. ఆవిడకి ఆ నవ్వులు అలవాటే. పసిపిల్లలకి వాంతులూ విరేచనాలూ ఏ వైరస్‌ల వల్ల వస్తున్నాయో తేల్చే పరిశోధనలో చిరుద్యోగం ఆవిడది. అరవై ఇళ్లు, ఇంటికో నంబరు, వారానికో డబ్బా. మూతకే చిన్న చెంచా ఉంటుంది. తల్లి దాంతో కాస్త తీసి డబ్బాలో వేసివ్వాలి, అంతే.

పని చిన్నదేగానీ అనుమానం మాత్రం కొండంత. పాలలో నీళ్లు కలిపారేమోనని అందరూ చూస్తారు. ఈవిడ నీళ్లలో కూడా నీళ్లు కలిపారేమోనని చూసే రకం. పాపం, తప్పంతా ఆవిడదీ కాదు. చేరిన కొత్తలో ఒక వారం ఏడు డబ్బాలు ఖాళీగా పట్టుకెళ్తే, ఆఫీసులో పెద్దసారు "అసలు ఇళ్లకి వెళ్లావా, కూర్చున్నచోటే ఫారాలు నింపావా?" అని నలుగురిలో అడిగేశాడు. తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి ఖాళీ డబ్బా ఇచ్చిన తల్లికి మూడినట్టే. "ఏమ్మా, వారమంతా ఒక్కసారి కూడా వెళ్లలేదా నీ కొడుకు? నా చెవిలో పూలు పెట్టకు!" అని గుమ్మంలోనే ఎగిరిపడుతుంది.

ఆ మంగళవారం నలభై మూడో నంబరు తలుపు కొట్టింది. చొక్కాలకి బొత్తాలు కుట్టే అమ్మాయి ఇల్లది. ఆ అమ్మాయి డబ్బా చేతిలో పెట్టి, "అంతా బాగానే ఉందక్కా" అంటూ తలుపు మూయబోయింది.

డబ్బాల అక్క డబ్బాని వెలుగులోకి ఎత్తి చూసింది. మళ్లీ చూసింది. అందులో నారింజరంగు ముక్కొకటి. క్యారెట్!

"నీ పిల్లాడికి ఎన్నో నెలమ్మా?"

"నాలుగు నిండాయక్కా."

"పాలు కాక ఇంకేమైనా పెడుతున్నావా?"

"అయ్యో, ఏం పెడతాను!"

అదీ సంగతి! పక్కింటి పిల్లకి పదకొండో నెల. ఇప్పుడే తీసుకున్న ఆ ఇంటి డబ్బాలోనూ ఇదే క్యారెట్. డబ్బాల అక్కకి ఒళ్లు మండిపోయింది. ఎన్ని వారాలుగా సాగుతోందీ నాటకం? పోయిన వారం డబ్బా ఎవరిది? అంతకు ముందుది? సరిగ్గా అప్పుడే పక్కింటామె తలుపు సందులోంచి తొంగిచూసి, కళ్లు కలవగానే చప్పున తలుపేసుకుంది. ఓహో, ఇద్దరూ కూడబలుక్కున్నారన్నమాట!

"పిల్లాడేడీ?"

"పడుకున్నాడు. లేపకండక్కా."

"పది గంటలకి పడకేమిటి?" అసలు పిల్లాడు ఇంట్లోనే ఉన్నాడా, లేక ఏ అత్తారింట్లోనో వదిలేసి నెలల తరబడి పక్కింటి పిల్లతో నెట్టుకొస్తోందా? "తప్పుకో, నా దగ్గర ఈ వేషాలు సాగవు" అని అమ్మాయిని పక్కకి నెట్టి లోపలికి వెళ్లింది.

గదినిండా చొక్కాల గుట్టలు. కిటికీకి కట్టిన తాడు మీద పసిపిల్లాడి తడిగుడ్డలు పదకొండు. ఆ కింద దుప్పటి మడతమీద బుడ్డోడు. నిద్రపోవడం లేదు వాడు. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, గుంటలు పడి. డబ్బాల అక్క వంగి వాడి పొట్టమీది చర్మాన్ని మెల్లగా పట్టి వదిలింది. పట్టిన మడత పట్టినట్టే నిలబడిపోయింది. ఒంట్లో నీరంతా పోయిన పిల్లల్ని ఎలా గుర్తుపట్టాలో ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్పారు. నేర్చుకుని ఎంతమంది పిల్లల్ని అలా పట్టి చూసిందని? ఒక్కరిని కూడా లేదు.

"ఎప్పట్నుంచే ఇది?"

"నిన్న మధ్యాహ్నం నుంచి. పోయినసారిలాగే తగ్గిపోతుందనుకున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే డబ్బా అడుగుతారుగా! అంతా నీళ్లే అక్కా, గుడ్డలో ఇంకిపోతోంది. చెంచాకి ఏమొస్తుంది? ఖాళీది ఇస్తే మీరు ఊరుకుంటారా?"

డబ్బాల అక్క బుడ్డోణ్ణి ఎత్తుకుని మెట్లు దిగి ఆటో ఎక్కింది, వెనకే చెప్పులైనా లేకుండా తల్లి. ఐసుపెట్టె నలభై రెండు డబ్బాలతో గుమ్మంలోనే ఉండిపోయింది.

ఆస్పత్రిలో సూది గుచ్చడానికి నరం దొరకలేదు. మూడోసారికి దొరికింది. రెండు సెలైన్ సీసాలయ్యాక వాడు కెవ్వుమన్నాడు. "ఏడుస్తున్నాడు, కన్నీళ్లు కూడా వస్తున్నాయి. గండం గడిచినట్టే" అంది నర్సు. ఆడవాళ్లిద్దరూ ఒకళ్ల భుజం మీద ఒకళ్లు పడి వాడికంటే గట్టిగా ఏడ్చారు.

సాయంత్రం కాస్త కుదుటపడ్డాక ఆ అమ్మాయి అడిగింది. "అక్కా, పోయిన నెల కూడా వీడికి విరేచనాలయ్యాయి కదా. అప్పుడిచ్చిన డబ్బా వీడిదే, ఒట్టు. అందులో ఏముందో చెప్తారని ప్రతి మంగళవారం మీ మొహంకేసి చూశాను. ఏముందక్కా అందులో?"

ఊరందరినీ నిలదీసే మనిషి నీళ్లు నమిలింది. "అది ఫ్రీజర్‌లో ఉందమ్మా. అందరివీ పోగయ్యాక ఒకేసారి పరీక్ష చేస్తారు."

"ఎప్పుడు?"

"వచ్చే ఏడాది."

ఆ అమ్మాయి కోప్పడలేదు. కొడుకు చేతికున్న సూది కదలకుండా పట్టుకుని, వాడి మొహం డబ్బాల అక్క వైపు తిప్పింది.

"అయితే అప్పటిదాకా ఆగమని వీడికి మీరే చెప్పండక్కా" అంది.