బండి కింద ప్లేటు

మా ఆయన ఏ మాటైనా ఒక్కసారే చెప్తాడు. తర్వాత టీవీ పెట్టుకుని కూర్చుంటాడు. నేను ఎంత అరిచినా ఆ టీవీకి అరిచినట్టే. ఆ మంగళవారం సాయంత్రం కూడా అంతే. అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ, "ఆదివారం మధ్యాహ్నం పట్నంకెల్లి ఒకాయన వస్తున్నడు. జీపు చూస్తడు. నచ్చితే ఇచ్చేద్దం," అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ జీపు నాది. ధారూర్ బడిలో పిల్లలకు సైన్సు చెప్పుకుంటూ, ఏళ్ల తరబడి దాచుకుని, నాకు నేనే కొనుక్కున్న పాత బండి. నాలుగు చక్రాలూ కలిసి లాగే రకం. అది ఇంటికొచ్చిన రోజు నుంచి వికారాబాద్‌లో మా వీధికంతా మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరికింది, టీచరమ్మకు ఇదేం పిచ్చి అని. ఎవరేమనుకుంటే నాకేంటి? స్టీరింగ్ పట్టుకున్న ప్రతిసారీ నాకు పదో తరగతి పాసైన రోజున ఉన్నంత సంబరంగా ఉంటుంది.

ఆయన మాటకు కారణం లేకపోలేదు. కోట్‌పల్లి దాటాక మాకు కంది చేను ఉంది. తారు రోడ్డు దిగాక రెండు కిలోమీటర్ల మట్టి బాట, మధ్యలో వాగు. వాగు గట్టెక్కే చోట జానెడున్నర ఎత్తున ఒక బండ అడ్డంగా పడి ఉంటుంది. ముందు చక్రాలు దాని మీదికి ఎక్కుతాయి, కానీ బండి పొట్ట తగులుతుంది. ఇంజను కింద నూనె నిలిచే గిన్నె లాంటిది ఉంటుంది, మెకానిక్కులు చాంబర్ అంటారు. అది అక్కడే రెండుసార్లు పగిలింది. మొదటిసారి పక్కన మనుషులున్నారు. పోయిన నెల రెండోసారి పగిలినప్పుడు నేను ఒక్కదాన్నే. నూనె అంతా బండ మీద పారింది. ఫోనులో సిగ్నల్ లేదు. నాలుగు గంటల తర్వాత మేకలు మేపుకునే ఒక పెద్దమనిషి గట్టు మీదికి పోయి ఫోన్ చేస్తే, మా ఆయన మోటార్ సైకిల్ మీద వచ్చాడు. ఎవరిదో ట్రాక్టర్ పిలిపించి జీపును లాగించాడు. ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నెల రోజులు లోపలే దాచుకున్న ఆ మాట ఇప్పుడు బయటికొచ్చింది.

నేను వెళ్లి టీవీకి అడ్డంగా నిలబడ్డాను.

"ఆదివారం పొద్దుగాల నువ్వు నా పక్కన కూసో. చేనుకు పోయి వద్దం. బండి కిందికెల్లి ఒక్క చుక్క నూనె కారినా, నేనే కడిగి తుడిచి ఆ పట్నమాయనకు ఇస్త. కారకపోతే అమ్ముడు మాట మళ్ల ఎత్తొద్దు."

ఆయన నన్ను తప్పించి టీవీ చూడటానికి ప్రయత్నించాడు, కుదరలేదు. "సరే," అన్నాడు.

అంతే, నాకు నిద్రాహారాలు గుర్తు లేవు. బళ్లో విరామం దొరికితే చాలు, ఫోను తీసి ఎక్కడెక్కడి వాళ్లో తమ బండ్ల కింద ఇనుప పలకలు ఎలా బిగించుకున్నారో చూసేదాన్ని. ఇంటికొచ్చి పాత బస్తా పరుచుకుని, బడి నుంచి తెచ్చిన స్కేలుతో జీపు కింద దూరి కొలతలు తీసుకున్నాను. ఎదురింటి పెద్దమ్మ గేటు దగ్గరికొచ్చి, "ఏం పోయింది టీచరమ్మా, కమ్మలా?" అని అడిగింది. కమ్మలే పోయాయని చెప్పాను. అసలు విషయం చెబితే ఆమె అక్కడే కూర్చునేది.

తాండూరులో ఇనుప పని చేసే ఒక చాచా ఉన్నాడు. మా బడి గేటు చేసింది ఆయనే. గురువారం ఆయనకు ఫోన్ చేశాను. అటునుంచి కోత మిషన్ల రొద. చెవిలో వేలు పెట్టుకుని నేనూ గొంతు చించుకున్నాను.

"చాచా, బండి కింద ప్లేటు కావాలె. ఆరు మిల్లీల మందం, మూడు ఫీట్ల పొడుగు, రెండు ఫీట్ల వెడల్పు. గట్టిగ ఉండాలె. రాయి రాసుకున్నా ఏం కావొద్దు."

"రాయి రాసుకునుడు నాకు తెల్వదా బిడ్డా? ఫికర్ చెయ్యకు. శనివారం రా," అన్నాడు. ఏం బండి అని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయండని రోజూ పిల్లల మీద ఎగిరే మనిషిని, నాకు ఆ అనుమానమే రాలేదు.

రెండో శనివారం, బడికి సెలవు. పొద్దున్నే జీపు తీసుకుని తాండూరు చేరాను. రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్లు నిలబెట్టి ఉన్నాయి. గాలిలో సన్నటి రాతిపొడి. ముందు టైర్ల దుకాణానికి వెళ్లాను. దుకాణదారుడు సరిహద్దు అవతలి వాడు, తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ కన్నడంలోకి జారిపోతాడు. అక్కడ గోడకు వేలాడుతున్న అల్లాయ్ చక్రాలు చూసి నా మతి పోయింది. నల్లగా, నిగనిగలాడుతూ, అంచున వెండి గీతతో. అవి బిగించుకుని మా వీధిలోకి వస్తే పెద్దమ్మ ముఖం ఎలా ఉంటుందో కూడా ఊహించేసుకున్నాను.

"ఎక్కడ తిరుగుతది అక్కా బండి?" అని అడిగాడు.

"వాగుల, రాళ్ల మీద."

"అల్లాయ్ బేడ," అన్నాడు. బేడ అంటే వాళ్ల మాటలో వద్దని. "రాయి తగిలితే పగుల్తది అక్కా, అతుకుదమంటే అతకదు. ఇనుప డిస్కు వేస్కో. సొట్ట పడితే సుత్తితోని కొట్టి సాపు చేస్కోవచ్చు."

ఎక్కువ ధర ఉన్నది వద్దని, తక్కువది తీసుకోమన్న దుకాణదారుణ్ణి నేను అంతకుముందు చూడలేదు. మనసు చంపుకుని ఇనుప డిస్కులే తీసుకున్నాను. వాటికి లోతైన గళ్లున్న టైర్లు, పాతవాటి కంటే కాస్త ఎత్తు. స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పి, టైరు ఎక్కడా లోపలి వైపు రాసుకోవడం లేదని చూశాడు. జీపు రెండు వేళ్లు పైకి లేచి నిలబడింది. నేను దాని చుట్టూ మూడుసార్లు తిరిగాను. నాకే నవ్వొచ్చింది, కొత్త చీర కట్టుకున్న వాళ్లను చూస్తున్నట్టు చూస్తున్నాను.

అక్కడి నుంచి చాచా దగ్గరికి. "వచ్చినవా బిడ్డా! తయారున్నది!" అంటూ ఇద్దరు పనివాళ్ల చేత ప్లేటు మోయించుకొచ్చాడు. ఆరు మిల్లీల మందమే. మూడు ఫీట్లూ, రెండు ఫీట్లూ సరిగ్గా ఉన్నాయి. కానీ ప్లేటు నిండా వరుసలు వరుసలుగా తూట్లు, నా బొటనవేలు పట్టేంతవి.

"గిదేంది చాచా? గీ తూట్లేంది?"

"నీళ్లు పోవద్దా?"

"బండి కింద ప్లేటుకు నీళ్లెందుకు పోవాలె?"

చాచా అద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "బండి కిందనా? నువ్వు బండ కింద అన్నవ్ గద! మీ ఇంటాయన పాలిష్ యూనిట్ పెడుతున్నడనుకున్న. పాలిష్ చేసేటప్పుడు బండను దీని మీదనే పండవెడ్తరు."

ఊరంతా బండలు కోసి, నున్నగా చేసి బతికే ఊళ్లో, మిషన్ల రొదలో, బండి అన్న మాట బండగా వినపడక ఏమవుతుంది? పనివాళ్లు పగలబడి నవ్వారు. నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది. ఆరు మిల్లీల ప్లేటు ఇంకోటి లేదట, సోమవారం దాకా రాదట. ఆదివారం మధ్యాహ్నం పట్నమాయన వస్తాడు. చాచా మీద అరిచాను. ఫోను మీద, మిషన్ల మీద, చివరికి నా గొంతు మీద కూడా అరిచాను. ఆయన అన్నీ విని, చాయ్ తెప్పించి, నేను తాగుతుంటే వెళ్లి నా జీపు కింద పడుకున్నాడు.

అరవై దాటిన మనిషి. చాలాసేపు కిందే ఉన్నాడు. బయటికి వచ్చి, "ఇదే వేద్దం," అన్నాడు.

"తూట్లతోనా?"

"తూట్లుంటేనే మంచిది. నువ్వు వాగుల పోతవ్. బురద పోయి ప్లేటు మీద కూసుంటది, కంది పుల్లలు ఇరుక్కుంటయ్. తూట్లు లేకుంటే అదంత ఎట్ల పోతది? బండకైనా బండికైనా నీళ్లు నిలవొద్దు బిడ్డా."

సైన్సు టీచర్‌ని నాకు తట్టని సంగతి. సిగ్గుపడటానికి తీరిక లేదు, పని మొదలైపోయింది. ముందు అంచును వేడి చేసి, రాయి ఎదురైతే గుచ్చుకోకుండా పైకి జారేలా వంచాడు. నూనె మార్చే బోల్టు కిందికి వచ్చే తూటును పానా పట్టేంత పెద్దది చేశాడు. ప్లేటును ఇంజనుకు బిగిస్తాడేమో అనుకున్నాను. "ఇంజనుకు బిగిస్తే దెబ్బ ఇంజనుకే పోతది. ఛాసీకి బిగిస్తే అది తట్టుకుంటది," అని జీపు అస్థిపంజరం లాంటి ఆ పెద్ద ఇనుప చట్రానికే నాలుగు చోట్ల పట్టీలు అతికి బిగించాడు. సాయంత్రం అసర్ నమాజు వేళకు పని అయిపోయింది. నేను కూడా జీపు కింద దూరి, అరచేత్తో ప్లేటును గట్టిగా చరిచాను. అది కదల్లేదు. లోపల నుంచే "మస్తుంది చాచా!" అని అరిచాను.

ఆదివారం తెల్లవారగానే బయల్దేరాం. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పక్కన కూర్చున్నాడు, ఎటూ మధ్యాహ్నం పట్నమాయనతో మాట్లాడాలి కదా. తారు రోడ్డు దిగగానే నేను జీపు ఆపి టైర్లలో గాలి కొంత తీశాను.

"మంచిగున్న గాలి ఎందుకు తీస్తున్నవ్?"

"మెత్తగైతే రాయిని పట్టుకుంటది. నువ్వు చూడు."

రాత్రి వాన పడింది. వాగులో పిక్కల లోతు నీళ్లు. నాలుగు చక్రాల గేరు వేసి మెల్లగా దించాను. నీళ్లు రెండు పక్కలా చీలాయి. ఎదురుగా ఆ బండ. ముందు చక్రాలు బండను పట్టుకున్నాయి, జారలేదు. జీపు ముక్కు ఆకాశం వైపు లేచింది. మా ఆయన పైనున్న పిడి పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అప్పుడు కింద నుంచి ఠంగుమని చప్పుడు, తర్వాత ఇనుము రాతి మీద గీసుకుంటున్న గరగర. రెండుసార్లూ చాంబర్ పగిలింది సరిగ్గా ఇక్కడే. ఆగానా, అయిపోయాను. ఆగలేదు. జీపు పొట్ట బండ మీద జారింది, వెనక చక్రాలు ఎక్కాయి, మేం గట్టు మీదున్నాం. నేను కేక పెట్టాను. అది ఎలాంటి కేకంటే, చేను పక్కన కొంగలు లేచిపోయాయి. నడుమెత్తు పెరిగిన కంది తడిసి పచ్చగా ఉంది. చేను చుట్టూ ఒక చక్కరు కొట్టి, అదే వాగులో నుంచి, అదే బండ మీద నుంచి వెనక్కి వచ్చేశాం.

గాలి నింపుకోవడానికి తారు రోడ్డు ఎక్కగానే ఆపాను. నేను పంపు తీసేలోపు మా ఆయన దిగి, వంగి కిందికి చూశాడు. లేచి నిలబడి, "కారుతున్నది," అన్నాడు.

నా ప్రాణం ఉసూరుమంది. చీర సంగతి చూసుకోకుండా కింద దూరాను. నిజమే, ప్లేటు నుంచి చుక్క చుక్కగా తారు మీద పడుతోంది. వేలు పెట్టి చూశాను. జిడ్డు లేదు. వాసన చూశాను. మట్టి వాసన.

"నీళ్లు! వాగు నీళ్లు! తూట్లకెల్లి కారుతున్నయ్!"

నమ్మలేదేమో, ఆయన కూడా ఇస్త్రీ చొక్కాతోనే నా పక్కన పడుకుని చెయ్యి చాపాడు. వేళ్లు రుద్ది చూసుకున్నాడు. ఇద్దరం బయటికి వచ్చాం. ఓడిపోయినందుకు మూతి ముడుస్తాడనుకున్నాను. ఆయన ముఖం తేలికపడింది. నాకు అర్థం కాలేదు.

"చాంబర్ పగిలిందని అమ్ముదమనలేదు," అన్నాడు రోడ్డు వైపు చూస్తూ. "ఆ రోజు నువ్వు నాలుగు గంటలు వాగుల కూసున్నవ్. నేనొచ్చి ఏం జేసిన? ట్రాక్టరాయనను బతిలాడిన. ఏ బండి అయినా అడుక్కొని వద్దునేమో, నాకు జీపు తోలుడొస్తే. మళ్ల ఇరుక్కుంటే మళ్ల గంతే గద."

ఇరవై రెండేళ్ల కాపురంలో తనకు ఫలానాది రాదని ఆయన నోట వినడం అదే మొదటిసారి. మోటార్ సైకిల్ చాలు నాకని ఆయన అంటుంటే అది ఇష్టమనుకున్నాను. ఇన్నాళ్లూ నేను ఆయన కోపం అనుకున్నది భయమని అప్పుడు తెలిసింది. టైర్లలో గాలి నింపాను. తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, వెళ్లి పక్క సీట్లో కూర్చున్నాను.

రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. మూడోసారి క్లచ్ మెల్లగా వదలమని నేను అరుస్తుంటే, జీపు గెంతి, నాలుగు గజాలు, పది గజాలు కదిలింది. ఆయన రెండు చేతులతో స్టీరింగ్‌ను బిగపట్టాడు. చొక్కా నిండా బురద. సరిగ్గా అప్పుడే ఆయన జేబులో ఫోను మోగింది. నేను తీసి మాట్లాడాను, పట్నమాయన.

"బయల్దేరిండట. ఏం చెప్పాలె?" అని అడిగాను.

ఆయన రోడ్డు మీద నుంచి చూపు తిప్పలేదు. "రావద్దని చెప్పు," అన్నాడు. "ఇంటాయన నేర్చుకుంటున్నడని చెప్పు."